గులాబీ దోశ

మా ఆవిడ ఆఫీసు పని మీద రెండు రోజులు బెంగళూరు వెళ్తూ ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించి వెళ్లింది. పాలవాడి లెక్కో, గ్యాస్ బుకింగ్ నంబరో అనుకున్నాను. తీరా చూస్తే మా బుజ్జిదాని తిండి చార్టు. దానికి పదిహేనో నెల నడుస్తోంది. నడక వచ్చి నెలన్నర, పళ్లు ఎనిమిది, మాటలు మూడు. అందులో ఒకటి "వద్దు". మిగతా రెండూ కూడా చాలావరకు అదే అర్థంలో వాడుతుంది.

కాగితంలో ఎనిమిది గళ్లు. అమ్మపాలు ఒకటి. బియ్యం, గోధుమలు, రాగులు, దుంపలు కలిపి ఒకటి. పప్పులూ గింజలూ ఒకటి. పాలూ పెరుగూ ఒకటి. మాంసం, చేపలు ఒకటి. గుడ్డు మాత్రం దర్జాగా ఒంటరిగా ఒక గడి. ఆకుకూరలు, క్యారెట్, మామిడిపండు లాంటి విటమిన్ ఏ సరుకు ఒకటి. మిగతా కూరలూ పళ్లూ కలిపి ఆఖరిది. కింద ఎర్ర ఇంకుతో "రోజుకి 8లో కనీసం 5 పడాలి. చెప్పింది ప్రపంచ ఆరోగ్య సంస్థ, నేను కాదు" అని రాసి కింద రెండు గీతలు కొట్టింది. మొదటి గడి ఆవిడతో పాటే బెంగళూరు రైలెక్కింది కాబట్టి నాకు మిగిలినవి ఏడే. ఏడింటికి అయిదు! ఇంజనీరింగులో కూడా ఇంత కటాఫ్ చూడలేదు నేను.

సాయానికి తణుకు నుంచి మా అమ్మ వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని ఆ కాగితం మొత్తం చదివి, కళ్లజోడు తీసేసి, "మిమ్మల్ని ముగ్గుర్నీ పెంచినప్పుడు మా ఫ్రిజ్ మీద ఏమీ లేదురా" అంది.

"అప్పుడు మనింట్లో ఫ్రిజ్జే లేదు కదమ్మా" అన్నాను.

"అదే చెప్తున్నాను" అంది. ఇలాంటి వాదనల్లో మా అమ్మ మీద గెలిచినవాడు లేడు, మా నాన్నతో సహా.

మొదటి రోజు పొద్దున్న ఇడ్లీ, ఉడికించి మెదిపిన చిలగడదుంప, నాలుగు చీలికలు చేసిన ద్రాక్ష. ఈ ద్రాక్ష గురించి చెప్పాలి. గుండ్రటి పండు అలాగే పెడితే చిన్నపిల్లలకి గొంతులో అడ్డం పడుతుంది, అందుకని నిలువునా నాలుగుగా కొయ్యాలి. పల్లీలు, పచ్చి క్యారెట్ ముక్కలు లాంటివి అసలు ఇవ్వకూడదు. ఇది మాత్రం చార్టు కోసం కాదు, నిజంగా భయపడే విషయం, అందుకే మా అమ్మ సంచిలోంచి పల్లీ ఉండ తియ్యగానే వికెట్ కీపర్‌లా అందుకుని పై అరలో పెట్టేశాను. సరే, ద్రాక్ష. పన్నెండు పళ్లు, నలభై ఎనిమిది చీలికలు, గింజలు కూడా ఏరి, ఇరవై నిమిషాలు పట్టింది. బుజ్జిది ఒక చీలిక తీసుకుని, వేళ్ల మధ్య నొక్కి, జారిపోతుంటే ఎంతో ఆనందపడి, మిగతా నలభై ఏడింటినీ అలాగే జార్చింది.

గిన్నె తిరగెయ్యకుండా ఉండాలని మేం ఒక సిలికాన్ గిన్నె కొన్నాం, టేబుల్‌కి జలగలా పట్టుకుంటుంది. ఏడువందలు. ఎలాంటి పిల్లలైనా ఊడబీకలేరని డబ్బా మీద రాసుంది. మా బుజ్జిది దాన్ని పైనుంచి లాగలేదు. ఒక నిమిషం తల వంచి పక్కనుంచి చూసింది, అంచు కింద చిన్న కొక్కెం లాంటిది ఉంటే దాన్ని చూపుడువేలితో ఎత్తింది. తప్‌మని ఒక చప్పుడు, అంతే. చిలగడదుంప గోడ మీదకి వెళ్లింది, ఇడ్లీ నా ఒళ్లోకి వచ్చింది, పిల్ల చప్పట్లు కొట్టింది. ఆ కొక్కెం ఉందని నాకు ఆ క్షణం దాకా తెలియదు, రెండు నెలలుగా ఆ గిన్నెని నేను అట్లకాడతో పెకిలిస్తున్నాను.

తర్వాత కిందకి దిగి, సోఫా కిందకి పాకి, ఎప్పటిదో ఒక మరమరం ఏరుకుని ఎంతో ఇష్టంగా నమిలి తింది. అది ధాన్యం గడిలోకి వస్తుందా అని ఒక్క క్షణం ఆలోచించిన మాట నిజం.

రాత్రి ఏడింటికి లెక్క చూసుకుంటే, మధ్యాహ్నం పప్పన్నంతో ధాన్యానికి ఒకటి, పప్పుకి ఒకటి, పెరుగుకి ఒకటి. గుడ్డులో పచ్చసొన ఉమ్మేసింది గానీ తెల్లసొన కొంచెం లోపలికి పోయింది, దయతలచి నాలుగు వేసుకున్నాను. ఇంకొక్క మార్కు. మిగతా కూరల గడి నిండితే పాస్. ఇంట్లో చూస్తే దొండకాయలు, ఒక బీట్‌రూట్. దొండకాయని పెద్దవాళ్లకి నచ్చజెప్పడమే కష్టం. ఇక బీట్‌రూట్ అంటారా, అంతకుముందు రెండుసార్లు పెట్టి చూశాం. మొదటిసారి కర్టెన్ మీద, రెండోసారి నా చెవిలో. కొత్త రుచి పిల్లలకి అలవాటు కావాలంటే ఎనిమిది పదిసార్లయినా పెట్టి చూడాలని, వద్దంటే బలవంతం చెయ్యకూడదని మా ఆవిడ ఎప్పుడూ చెప్తుంది. నా దగ్గర ఎనిమిది కర్టెన్లు లేవు.

అందుకని ఒక కుట్ర పన్నాను. అమ్మ గుడికి వెళ్లిన అరగంటలో బీట్‌రూట్ ఉడికించి, మిక్సీలో తిప్పి, దోశ పిండిలో కలిపేశాను. పెనం మీద పడగానే ఆహా, ఏం రంగు, పెళ్లిళ్లలో స్టేజీ వెనక కట్టే బట్ట రంగు. నెయ్యి వేసి చిన్న ముక్కలు చేసి పెడితే బుజ్జిది రెండు చేతులా తింది. ఒకటిన్నర దోశ! సాక్ష్యాలు మిగలకూడదని మిగతా అయిదూ నేను తినేసి, గిన్నె, మిక్సీ జారు కడిగేసి, పిల్ల మూతి తుడిచేశాను. అమ్మ వచ్చి "ఏం తింది?" అంటే "దోశ" అన్నాను. మా ఆవిడ ఫోన్ చేసి అడిగితే "దోశ. అయిదు పడ్డాయి" అన్నాను. నేను అబద్ధం ఆడలేదని గమనించాలి.

మర్నాడు పొద్దున్న అయిదున్నరకి బాత్రూంలో నాకు ఒక దృశ్యం కనిపించింది. వివరంగా చెప్పను, రంగు మాత్రం ఎరుపు. నిద్రమత్తు మొత్తం దిగిపోయింది. అక్కడే నిలబడి ఫోన్‌లో వెతికితే మొదటి నిమిషంలో కిడ్నీలో రాయి, రెండో నిమిషంలో కిడ్నీయే, మూడో నిమిషంలో ఫోన్ ఆపేశాను. టర్మ్ ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టానా లేదా అని మాత్రం చూసుకున్నాను. ఎవరికీ చెప్పకూడదు, మా ఆవిడ వచ్చాక మెల్లిగా చెబుదాం అని ధైర్యం తెచ్చుకుని, కాఫీ కూడా తాగకుండా బాల్కనీలో కూర్చుని కరివేపాకు మొక్కని చూస్తూ ఉండిపోయాను.

ఏడున్నరకి లోపల్నుంచి అమ్మ అరుపు. "ఒరేయ్! పిల్లకి నెత్తురు పడుతోందిరా!"

పరుగెత్తి వెళ్లి చూస్తే డైపర్ నిండా అదే ఎరుపు. నా కాళ్లలో వణుకు మొదలైంది. అమ్మకి ఒక్క భయమే, నాకు రెండు. ఒకే రోజు, ఒకే రంగు, తండ్రికీ కూతురికీ. వంశపారంపర్యం అన్నమాట! పాపం నా బిడ్డ, నా ముక్కు వచ్చిందని అందరూ అంటుంటే మురిసిపోయాను గానీ, ఇది కూడా ఇచ్చానా అనుకున్నాను. రాత్రి బీట్‌రూట్ కలిపింది నువ్వే కదా, ఆ మాత్రం గుర్తు రాలేదా అని మీరు అడుగుతారు. రాలేదండీ. గిన్నెలతో పాటు బుర్ర కూడా కడిగేసుకున్నట్టున్నాను.

అమ్మ గుప్పెడు రాళ్ల ఉప్పు, రెండు ఎండుమిరపకాయలు తెచ్చి దిష్టి తీసింది. నేనూ పక్కనే ఆ చేతి పరిధిలోకి వచ్చేలా నిలబడ్డాను, నాకూ కాస్త పనికొస్తుందని. డాక్టరుకి చూపించాలి కదా అని ఆ డైపర్‌ని చుట్టి, చేతికి దొరికిన కవర్లో పెట్టుకుని బయల్దేరాం. అది మొన్న తెచ్చిన స్వీటు షాపు కవరు. క్లినిక్‌లో టోకెన్లిచ్చే కుర్రాడు దాన్ని చూసి మొహం వెలిగించుకుని "ఏంటి సార్, ఏదైనా శుభవార్తా?" అని చెయ్యి చాపాడు. చటుక్కున వెనక్కి లాక్కున్నాను. పిసినారి అనుకునుంటాడు. అనుకోనీ.

మా వంతు వచ్చేసరికి పది దాటింది. డాక్టరుగారు జ్వరం ఉందా, వాంతులున్నాయా, ఏడుస్తోందా, డల్‌గా ఉందా అని అడుగుతుంటే అన్నిటికీ లేదు లేదంటున్నాం, ఈలోగా బుజ్జిది ఆవిడ బల్ల మీది క్యాలెండర్లో ఫిబ్రవరి నెల చింపేసింది. పొట్ట నొక్కి చూస్తే కిలకిలా నవ్వింది.

"నిన్న ఏం పెట్టారు?"

ఇలాంటి ప్రశ్న కోసం నేను పుట్టినప్పట్నుంచీ ఎదురుచూస్తున్నట్టు ఫోన్ తీసి, ధాన్యం, పప్పు, పాలు అంటూ గడుల వారీగా అప్పజెప్పాను. డాక్టరుగారు వింటూనే బుజ్జిదాని చెయ్యి తిప్పి గోళ్లు చూశారు, తర్వాత చెవి వెనకాల చూశారు. అక్కడ మడతలో సన్నగా ఒక గులాబీ చార. మూతి తుడిచాను గానీ చెవి వెనక ఎవరు చూస్తారు?

"బీట్‌రూట్ ఏమైనా పెట్టారా?"

"అబ్బే, మా ఇంట్లో బీట్‌రూట్ ఎవరూ ముట్టరండీ" అంది అమ్మ ధీమాగా. "వీడికైతే చిన్నప్పట్నుంచీ దాని పేరెత్తితేనే..."

అని నా మొహం చూసి ఆగిపోయింది.

"దోశలో" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు. "కొంచెం."

డాక్టరుగారు నవ్వలేదు, అది వాళ్లకి నేర్పిస్తారనుకుంటా. ఆ రంగు కొంతమంది ఒంట్లో పూర్తిగా విరగదని, అలాగే బయటికొస్తుందని, ఒకటి రెండు రోజుల్లో పోతుందని చెప్పారు. "బీట్‌రూట్ తినకుండా ఇలా కనిపిస్తే మాత్రం ఆలస్యం చెయ్యకుండా తీసుకురావాలి, రావడం మంచిదే. కవరు విప్పక్కర్లేదు."

"అంటే... పెద్దవాళ్లకి కూడా, యూరిన్‌లో అలా..."

"వస్తుంది కొందరికి."

"హమ్మయ్య, కిడ్నీ కాదన్నమాట!" అనేశాను.

"నీకేమైందిరా?" అని అమ్మ కుర్చీలోంచి లేచింది. ఆ తర్వాత రెండు నిమిషాలు గదిలో జరిగిన సంభాషణ నా గౌరవానికి సంబంధించింది, వదిలేద్దాం. ఈసారి డాక్టరుగారు కూడా నవ్వారు. వాళ్లకి నేర్పించరు, నేనే పొరబడ్డాను.

నన్నొక్కడినే దోషిని చేసి వదిలేస్తారేమో అనుకున్నా గానీ, రోజుకి పాలెన్ని తాగుతుందని కూడా అడిగారు. అమ్మ గర్వంగా, "ఎన్నిసార్లు కలిపితే అన్నిసార్లూ తాగుతుందండీ, నిన్న నాలుగు గ్లాసులు" అంది. డాక్టరుగారు పెన్ను పక్కన పెట్టి, ఈ వయసుకి రోజుకి అర లీటరు మించనివ్వొద్దని, పాలతోనే పొట్ట నిండితే అన్నం దగ్గర మొహం తిప్పుతారని, ఒంట్లో ఐరన్ కూడా తగ్గుతుందని మెల్లిగా చెప్పారు. నేను లేని సమయాల్లో వంటింట్లో ఇంకో కుట్ర కూడా నడుస్తోందని అప్పుడు తెలిసింది. దారి పొడుగునా అమ్మ ఆటో కిటికీలోంచి బయటికి చూసింది, నేను ఇంకో పక్కకి చూశాను, బుజ్జిది స్వీటు షాపు కవరు కావాలని ఏడ్చింది.

ఇంటికొచ్చాక అమ్మ మారుమాట లేకుండా తోటకూర పప్పు చేసింది. నేల మీద చాప వేసుకుని, కంచంలో అన్నం మెత్తగా పిసికి, నెయ్యి వేసి, తను తింటూ కూర్చుంది. పిల్లని పిలవలేదు. బుజ్జిది అదే వచ్చి, కంచం అంచున కూలబడి, వేళ్లతో కెలికి ఒక ముద్ద, అమ్మ చేతిలోంచి ఒక ముద్ద, చివర్లో పెరుగన్నం, నా కంచంలోంచి గుడ్డు ముక్క లాక్కుని పచ్చసొనతో సహా తినేసింది. ధాన్యం, పప్పు, ఆకుకూర, పెరుగు, గుడ్డు. మధ్యాహ్నం రెండు కాకుండానే అయిదు! నేను వేళ్ల మీద లెక్కపెడుతుంటే అమ్మ చూసి, "ఏంట్రా, మళ్లీ ఏం కలిపావు దాన్లో?" అంది.

అప్పుడే మా ఆవిడ ఫోన్.

"అయిదు పడ్డాయి" అన్నాను, హలో అనకుండానే.

"అది సరే, మన జాయింటు అకౌంట్లోంచి క్లినిక్‌కి ఆరువందలు కట్టినట్టు నాకు మెసేజ్ వచ్చింది. ఎవరికేమైంది?"

"ఎవరికీ ఏమీ..." అంటున్నాను, అమ్మ ఎడమచేత్తో ఫోన్ లాగేసుకుంది. "అమ్మాయీ, ముందు నువ్వు తాపీగా కూర్చో" అని మొదలుపెట్టింది.