టీబీ మాత్రలతో పాటు పప్పు కూడా ఇవ్వండి

లంఖణం పరమౌషధం అన్న సామెత ఏ జబ్బుకు పనికొస్తుందో గానీ టీబీకి మాత్రం పనికిరాదు. ఒడిశాలో మా పర్లాకిమిడి వైపు ఇంకా దాన్నే పట్టుకు వేలాడుతున్నారు. జబ్బు బయటపడిన రోజు నుంచే పథ్యం మొదలు. గుడ్డు వేడి, పప్పు వాతం, చేప వద్దు. ఇక కంచంలో మిగిలేది కంట్రోలు బియ్యం అన్నం, చారు. అసలే నలభై కేజీల మనిషి, పైన రోజూ మాత్రలు. ఏం తట్టుకుంటాడు?

ఇది నా సొంత పైత్యం కాదు. జార్ఖండ్‌లో నాలుగు జిల్లాల్లో 2019 నుంచి 2022 దాకా ‘రేషన్స్’ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది. నడిపినవాళ్ళు డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం. చేరిన రోగుల్లో ఐదుగురికి నలుగురు ఉండాల్సిన బరువు లేనివాళ్ళే. రోగులందరికీ నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె ఇచ్చారు. చీటీ వేసి ఎంచిన ప్రాంతాల్లో ఇంట్లోని పెద్దవాళ్ళకి కూడా నెలకు తలా ఐదు కేజీల బియ్యం, కేజీన్నర పప్పు, చిన్నపిల్లలకు అందులో సగం ఇచ్చారు. మిగతా ప్రాంతాల ఇళ్ళతో పోలిస్తే ఆ ఇళ్ళలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. పరీక్షలో రుజువైన ఊపిరితిత్తుల టీబీ 48 శాతం తగ్గింది. కొత్త టీకా కాదు, కొత్త మందు కాదండీ, బియ్యం పప్పు!

రోగుల్లోనూ మొదటి రెండు నెలల్లో ఐదు శాతం బరువు పెరిగినవాళ్ళకు చావు ముప్పు 61 శాతం తక్కువగా కనిపించింది. నలభై కేజీల మనిషికి అది రెండు కేజీలే. (తినడం వల్ల బతికారా, బతికేవాళ్ళే బరువెక్కారా అని అడిగేవాళ్ళుంటారు. మంచి ప్రశ్నే. ఇంట్లోవాళ్ళ లెక్కకు మాత్రం ఆ పేచీ లేదు, ప్రాంతాల్ని చీటీ వేసి ఎంచారు కాబట్టి.) ఇదంతా 2023లోనే లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చింది.

మరి తిండిని ఇన్నాళ్ళూ ఎందుకు పక్కన పెట్టారు? 1956లో మద్రాసులో మొదలైన అధ్యయనం, శానటోరియంలో, అంటే టీబీ ఆసుపత్రిలో, మంచి తిండి తిన్నవాళ్ళూ ఇంట్లో ఉన్నదేదో తిని మందు వాడినవాళ్ళూ దాదాపు ఒకేలా కోలుకున్నారని 1959లో చెప్పింది. గొప్ప పనే. దానివల్లే వైద్యం పేదవాడి ఇంటికొచ్చింది. కానీ మనం అందులోంచి తిండి అంత ముఖ్యం కాదన్న అర్థం లాగేశాం.

ఇప్పుడు ప్రభుత్వం నెలకు వెయ్యి రూపాయలు టీబీ రోగి ఖాతాలో వేస్తోంది. 2018లో 500, 2024 నవంబరు నుంచి వెయ్యి. సంతోషం. కానీ ఆ వెయ్యి పప్పుగా మారేలోపు వడ్డీవాడు, స్కూలు ఫీజు అడ్డం వస్తారు. జబ్బు కోడలికైతే గుడ్లు ఆమె కంచం దాకా వస్తాయా? అందుకే ఇంటిల్లిపాదికీ ఇవ్వాలంటున్నాను. ఒడిశా మిల్లెట్స్ మిషన్ అనే చిరుధాన్యాల పథకం చోళ్ళను (రాగులను) కొన్ని జిల్లాల్లో కంట్రోలు దుకాణం దాకా తెచ్చింది కదా, పప్పు, నూనె తేలేరా?

దుకాణంలో ఇస్తే ఊరందరికీ తెలిసిపోతుంది, ఆడపిల్లకు సంబంధాలు రావు అంటారు. నిజమే, ఈ భయం చిన్నది కాదు. అయితే ఆశా దీదీ చేత ఇంటికే పంపండి, ఆమెకు దానికి డబ్బులివ్వండి, ఊరికే చాకిరీ చేయించకండి.

ఇక చీటీ మీద ప్రోటీన్ పొడి డబ్బా రాసే డాక్టరుగార్లకు ఒక్క మాట. ఆ డబ్బా ఖరీదుకు ఎన్ని గుడ్లొస్తాయో లెక్కేసి చెప్పండి, పథ్యం వద్దని ఇంట్లోవాళ్ళ ముందే గట్టిగా చెప్పండి. నెలనెలా బరువు తూచి రాయండి. మా చుట్టాల్లో ఒకాయన టీబీ కార్డు చూశాను, బరువు గళ్ళన్నీ ఖాళీ.