ఉన్న యూనిట్లకూ ఊతమివ్వాలి

నెల్లూరు జిల్లాలో పరిశ్రమ పెడతామని బయటి నుంచి ఎవరైనా వస్తే భూమి చూపించడానికి అధికారులున్నారు, రాయితీలు చెప్పడానికి పాలసీలున్నాయి. ఇక్కడే పాతికేళ్లుగా రైస్ మిల్లో, వెల్డింగ్ షెడ్డో, ఐస్ ఫ్యాక్టరీయో నడుపుతూ, ఊరు పెరిగి చోటు చాలక బయటికి జరగాలనుకునే వ్యక్తికి మాత్రం ఏ ఆఫీసు గుమ్మం తొక్కాలో తెలియదు. కొత్తగా వచ్చినవారి జాబితాలో ఆయన పేరుండదు, ఖాయిలాపడ్డ యూనిట్ల జాబితాలోనూ ఉండదు. రోజూ షట్టర్ ఎత్తి పది మందికి కూలి ఇస్తున్నాడు కాబట్టి ఆయనకు సాయం అక్కర్లేదని అందరూ అనుకుంటున్నారు. ఈ లోటును జిల్లా స్థాయిలోనే పూడ్చవచ్చు, పూడ్చాలి అన్నది మా అభిప్రాయం.

పరిశ్రమల విషయంలో ఈ ప్రాంతానికి ఇది మంచి కాలమే. ఆత్మకూరు నియోజకవర్గం నారంపేటలో సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల కోసం ఉద్దేశించిన ఎంఎస్‌ఎంఈ పార్కును ముఖ్యమంత్రి 2025 మే 1న ప్రారంభించారు. రాష్ట్రంలోని 175 నియోజకవర్గాల్లోనూ ఇలాంటి పార్కు ఒక్కోటి రావాలన్నది ప్రభుత్వ లక్ష్యం. అంతకు ముందు 2025 జనవరి 8న ప్రధాని విశాఖలో క్రిస్ సిటీకి శంకుస్థాపన చేశారు. చెన్నై-బెంగళూరు పారిశ్రామిక కారిడార్‌లో భాగంగా కోట, చిల్లకూరు మండలాల్లో తొలి దశలో దాదాపు 2,500 ఎకరాల్లో వచ్చే పారిశ్రామిక నగరమిది. ఇవన్నీ రావాలి. వీటిని మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాం. కానీ కొత్త పార్కులో తొలి ప్లాట్లు తీసుకోవాల్సింది ఎవరు? పక్క రాష్ట్రం నుంచి ఎవరో వచ్చేదాకా అవి ముళ్లచెట్లతో నిండిపోవాలా, లేక నెల్లూరు టౌనులో ఇరుకు సందుల్లో నలిగిపోతున్న మన యూనిట్లు అక్కడికి వెళ్లి ఊపిరి పీల్చుకోవాలా?

వెళ్లమని చెప్పడం తేలికే. ఓ చిన్న రైస్ మిల్లు చోటు మారడమంటే ఏమిటో దగ్గరగా చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. ముందు కరెంటు తీసేయాలి. క్లీనరు, షెల్లరు, పాలిష్ యంత్రం, ఎలివేటర్లు, రంగు మారిన గింజలను ఏరే సార్టెక్స్ అన్నీ విడదీయాలి. కాంక్రీటు దిమ్మెల్లో ఏళ్ల తరబడి తుప్పుపట్టిన బోల్టులు ఊడి రావు, గ్యాస్ కట్టర్‌తో కోయాల్సిందే. క్రేన్ కావాలి, లారీలు కావాలి. కొత్త షెడ్డులో దిమ్మెలు పోసి, నీళ్లు పట్టి, అవి గట్టిపడ్డాకే యంత్రాలు నిలబెట్టాలి. నిలబెట్టిన తర్వాత షాఫ్టులు సరిచూసుకోవాలి, లేకపోతే బేరింగులు నెలలోనే పోతాయి. సార్టెక్స్‌ను సెట్ చేయడానికి కంపెనీ మెకానిక్ రావాలి, ఆయన ఎప్పుడొస్తే అప్పుడే. ఈలోపు కొత్త సర్వీసుకు దరఖాస్తు, డిపాజిట్, ట్రాన్స్‌ఫార్మర్ కోసం ఎదురుచూపు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పాత అడ్రసు మీద ఉంటుంది, కొత్త అడ్రసుకు మళ్లీ తెచ్చుకోవాలి. జీఎస్టీలో, చిన్న పరిశ్రమగా నమోదు చేసుకున్న ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో చిరునామా మార్చాలి. ఇంత జరుగుతున్నా బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తూనే ఉంటుంది.

ఇందులో సీజన్ టెన్షన్ వేరే. మన దగ్గర పెన్నా డెల్టాలో మొదటి పంట కోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో ముమ్మరంగా ఉంటాయి. ఆ తర్వాత నీళ్లుంటే ఎడగారు, అంటే రెండో పంట. కోతల వేళ మిల్లు ఆగితే ఆ ఏడాది వ్యాపారం పోయినట్టే. రైతు ఆగడు, పక్క మిల్లుకు తోలేస్తాడు. ఒకసారి పక్కకు పోయిన ధాన్యం మళ్లీ వెనక్కి తెచ్చుకోవడం ఎంత కష్టమో మిల్లర్లకు తెలుసు. హమాలీల సంగతి ఇంకా కష్టం. వాళ్లు మిల్లుకు నడిచి వచ్చేంత దూరంలో కాపురాలు పెట్టుకున్నారు. మిల్లు ఊరి బయటికి పోతే రోజూ ఆటో చార్జీ ఎవరు పెట్టుకోవాలి? ఏళ్లుగా పనిచేసిన మేస్త్రీ మానేస్తే కొత్తవాడికి పని నేర్పేదెవరు? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, పెద్ద చోటుకు వెళ్లి వ్యాపారం పెంచుకుందామనుకున్న మనిషి ఉన్న వ్యాపారాన్నే పోగొట్టుకునే ప్రమాదం ఉంది. అందుకే చాలామంది ఇరుకులోనే సర్దుకుపోతున్నారు. పక్కింటివాళ్లు ఊక దుమ్ము గురించి ఫిర్యాదు చేస్తుంటారు, రాత్రిపూట లారీ తిరగడానికి సందు చాలదు, అయినా కదలరు.

ఇప్పుడున్న పథకాలు వీళ్లకు ఎంతవరకు పనికొస్తాయో చూద్దాం. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, అంటే పీఎంఈజీపీ మంచి పథకమే. తయారీ యూనిట్‌కు 50 లక్షల రూపాయల దాకా ప్రాజెక్టు పెట్టుకోవచ్చు. గ్రామీణ ప్రాంతంలో ఓ మహిళ అంత పెట్టుబడితో యూనిట్ పెడితే 35 శాతం, అంటే 17.5 లక్షలు సబ్సిడీ వస్తుంది. కానీ ఇది కొత్త యూనిట్లకే. అదే మహిళ ఇప్పటికే టౌనులో సొంత డబ్బుతో నడుపుతున్న యూనిట్‌ను ఆ ఊరికి తరలిస్తే ఈ పథకం నుంచి రూపాయి రాదు. విస్తరణకు రెండో రుణం కింద కోటి రూపాయల దాకా, 15 శాతం సబ్సిడీతో ఇస్తారు. అది కూడా ఇంతకు ముందు పీఎంఈజీపీ, ముద్ర వంటి రుణాలు తీసుకుని చక్కగా తీర్చి, లాభాల్లో ఉన్నవారికే. సొంతంగా అప్పోసొప్పో చేసి ఎదిగినవాడికి ఆ తలుపు కూడా మూసే ఉంటుంది. ఆహార శుద్ధి యూనిట్లకు పీఎంఎఫ్‌ఎంఈ ఉంది. అందులో ఇప్పటికే నడుస్తున్న సూక్ష్మ యూనిట్లకూ 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు ఇస్తారు. పొదలకూరు వైపు నిమ్మకాయ పచ్చళ్లు పెట్టే మహిళా సంఘాలకు, పిండి మిల్లులకు ఇది నిజంగా ఉపయోగం. హామీ లేని రుణాలకు గ్యారంటీ ఇచ్చే కేంద్ర నిధి పరిమితిని 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్లకు పెంచారు. అదీ మంచిదే.

అయితే వీటిలో దేన్ని పట్టుకున్నా చివరికి తేలేది ఒక్కటే. యంత్రం కొంటే సబ్సిడీ ఉంది. ఉన్న యంత్రాన్ని పీకి ఇంకోచోట నిలబెడితే లేదు. క్రేన్ కిరాయికి, దిమ్మెలకు, కొత్త కరెంటు డిపాజిట్‌కు, ఆగిపోయిన నెలల జీతాలకు ఏ దరఖాస్తులోనూ గడి లేదు. చిన్న యజమానిని వెనక్కి లాగేవి సరిగ్గా ఈ ఖర్చులే.

ఇచ్చేది సకాలంలో ఇవ్వకపోవడం దీనికి తోడైన మరో జబ్బు. 2020 మే నెలలో నాటి ప్రభుత్వం చిన్న పరిశ్రమలకు రూ.1,110 కోట్ల రీస్టార్ట్ ప్యాకేజీ ప్రకటించింది. అందులో పెద్ద భాగం 2014-15 నుంచి చెల్లించకుండా పేరుకుపోయిన ప్రోత్సాహకాలే. బకాయి తీర్చడాన్నే ప్యాకేజీగా చెప్పుకోవాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఎన్నేళ్లు చిన్న యజమానులు ఎదురుచూశారో ఊహించుకోవచ్చు. ఏ ఒక్క పార్టీనో తప్పుపట్టడానికి మేము ఇది చెప్పడం లేదు. ప్రభుత్వాలు మారినా ఈ అలవాటు మారలేదు. సబ్సిడీ వస్తుందని నమ్మి అప్పు తెచ్చి షెడ్డు వేసినవాడు, అది మూడేళ్లకు వచ్చేసరికి అంతకు మించి వడ్డీ కట్టి ఉంటాడు. పెద్ద కంపెనీ ఆ ఆలస్యాన్ని భరించగలదు. అయిదుగురు పనివాళ్లున్న లేత్ వర్క్‌షాపు భరించలేదు. ప్రోత్సాహకాలను ఎస్క్రో ఖాతా, అంటే ఆ చెల్లింపులకే విడిగా పెట్టిన ఖాతా ద్వారా నేరుగా జమ చేస్తామని ముఖ్యమంత్రి 2025 నవంబరులో విశాఖ పెట్టుబడుల సదస్సులో చెప్పారు. మంచి మాట. ఆ ఖాతాలోంచి తొలి చెల్లింపులు సూక్ష్మ, చిన్న యూనిట్లకు వెళ్లాలని మేము కోరుతున్నాం. కోట్లలో రావాల్సినవారు క్యూలో కాస్త వెనక నిలబడ్డా వాళ్ల ఫ్యాక్టరీలు ఆగవు.

విశాఖలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకే ఇవ్వాలని ప్రభుత్వం నిర్ణయించినప్పుడు ఉద్యోగాలొస్తాయి కాబట్టి చాలామంది సమర్థించారు. అదే తర్కం ఇక్కడా వర్తించాలి కదా. టౌను నుంచి ఎంఎస్‌ఎంఈ పార్కుకు వచ్చే చిన్న యూనిట్ తనతో పాటు ఉద్యోగాలనూ తెస్తోంది. అవి కాగితం మీది అంచనాలు కావు, ఇప్పటికే నెలనెలా జీతం తీసుకుంటున్న మనుషులు. అలాంటి యూనిట్‌కు ప్లాటు ధర వాయిదాల్లో కట్టుకునే వీలు, ఉత్పత్తి మొదలయ్యేదాకా వడ్డీ లేకుండా గడువు ఇవ్వడం పెద్ద కోరికేం కాదు.

పక్క ప్రకాశం జిల్లా పరిస్థితి కాస్త వేరు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా తెలిసిన రాయి. చుట్టుపక్కల పాలిషింగ్ యూనిట్లు, గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్‌లోని యూనిట్లు పెరగాలంటే వాటికి కావాల్సింది నగదు కన్నా నిలకడ. కరెంటు చార్జీ, తవ్విన రాయిపై ప్రభుత్వానికి కట్టే సీనరేజి లెక్కకట్టే విధానం ప్రభుత్వం మారినప్పుడల్లా మారుతుంటే ఎవరూ రెండో కట్టర్ కొనడానికి ధైర్యం చేయరు. మన జిల్లాలోని ఉదయగిరి చెక్క చెంచాల పనివారిది మరో లోకం. 2015లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు వచ్చింది. అక్కడి కుటుంబాలకు పార్కులో ప్లాటు అక్కర్లేదు, ఇంటి దగ్గరే ఇంకో డ్రిల్లింగ్ మిషను, చెక్క దొరికే దారి కావాలి. పీఎం విశ్వకర్మ కింద పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదట లక్ష, తర్వాత 2 లక్షల రుణం వస్తాయి. అర్హులైనవాళ్లందరి చేతా దరఖాస్తు పెట్టించే పని మండల ఆఫీసు తలుచుకుంటే అయిపోతుంది.

తరలింపుకు డబ్బిస్తే దుర్వినియోగం కాదా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. పారిశ్రామిక ప్లాటు తీసుకుని, ప్రహరీ కట్టి, రేటు పెరిగేదాకా కూర్చునేవాళ్లను ఈ జిల్లా చూసింది. గడువులోగా పని మొదలుపెట్టకపోతే స్థలం వెనక్కి తీసుకునే నిబంధన రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ ఏపీఐఐసీకి ఉంది, దాన్ని మొహమాటం లేకుండా అమలు చేయాలి. తరలింపు సాయాన్ని కూడా విడతల్లో ఇవ్వవచ్చు. కొత్త షెడ్డులో దిమ్మెలు పడ్డాక సగం, కొత్త చిరునామా మీద తొలి జీఎస్టీ రిటర్ను, తొలి కరెంటు బిల్లు చూపించాక మిగతా సగం. రెండూ ఆన్‌లైన్‌లో సరిచూసుకోగలిగినవే, ఫైలు పట్టుకుని ఎవరి చుట్టూ తిరగాల్సిన పనిలేదు.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది రెండో ప్రశ్న. ఏపీఐఐసీ పారిశ్రామికవాడల్లో ఆస్తిపన్ను వసూలు చేసేది ఇండస్ట్రియల్ ఏరియా లోకల్ అథారిటీ. అందులో 35 శాతం స్థానిక పంచాయతీకో మున్సిపాలిటీకో పోగా మిగతాది వాడ అభివృద్ధికే ఉంటుంది. తరలివచ్చిన యూనిట్‌కు మొదటి రెండేళ్లు ఆ పన్నులో రాయితీ ఇవ్వడం, లోపలి రోడ్డు, వీధిదీపాలు, డ్రైనేజీ ముందే వేసి ఉంచడం ఆ ఆదాయంతోనే సాధ్యం. టౌనులో యూనిట్ ఖాళీ చేసిన స్థలం ఇళ్లకో దుకాణాలకో మారితే నగరపాలక సంస్థకు ప్లాన్ ఫీజులు, ఆపై పెరిగిన ఆస్తిపన్ను వస్తాయి. అందులో కొంత భాగాన్ని తరలింపు సాయానికి కేటాయించాలని అడగడం న్యాయమే. ఊరికి దుమ్ము, లారీల రద్దీ తగ్గించి వెళ్తున్న యూనిట్‌కు ఊరు ఆ మాత్రం చేయాలి.

దీనికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా పరిశ్రమలు, ఎగుమతుల ప్రోత్సాహక కమిటీ ఉండనే ఉంది. విద్యుత్ పంపిణీ సంస్థ డిస్కం, కాలుష్య నియంత్రణ మండలి, లీడ్ బ్యాంకు, ఏపీఐఐసీ అధికారులు కూర్చునేది ఆ బల్ల చుట్టూనే. వచ్చే సమావేశంలో తరలింపును ప్రత్యేక అంశంగా పెట్టాలి. నెల్లూరు, కావలి వంటి పట్టణాల్లో ఇళ్ల మధ్య నడుస్తున్న యూనిట్లెన్నో, వాటిలో బయటికి వెళ్లడానికి సిద్ధంగా ఉన్నవెన్నో పరిశ్రమల కేంద్రం సర్వే చేయించాలి. మారే రెండు మూడు నెలలకు పాత సర్వీసు మీద ఫిక్స్‌డ్ చార్జీ మినహాయించాలని, వాయిదాలు వెనక్కి జరపాలని డిస్కంను, బ్యాంకులను ఒప్పించాలి. సిబ్బందికి పొద్దున, సాయంత్రం ఒక్కో ట్రిప్పు బస్సు వేయాలని ఆర్టీసీని అడగాలి. మిల్లులు కదలగలిగేది కోతలకు, ఎడగారుకు మధ్య దొరికే కొద్ది వారాల్లోనే, ఈశాన్య రుతుపవనాలు మొదలైతే షెడ్డు పైకప్పు విప్పే ధైర్యం ఎవరూ చేయరు. కాబట్టి కమిటీ ఈ నిర్ణయాలను మొదటి పంట కోతలకు ముందే తీసుకుని, ఉత్తర్వు కాపీలను యజమానుల చేతికి అందించాలి.