రోబో సరే, డాక్టర్‌గారి లెక్క ఏది?

ఫ్లైఓవర్ దిగగానే ఎదురయ్యే ఆసుపత్రి హోర్డింగులు చూస్తే, ప్రోస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ మొత్తం రోబోనే చేసేస్తుంది, డాక్టర్‌గారు పక్కన ఊరికే నిలబడతారు కాబోలు అనిపిస్తుంది. నిజం వేరు, రోబో చేతుల్ని కదిపేది డాక్టర్‌గారే. కావాలంటే డాక్టర్ మణి మీనన్‌ను చూడండి.

త్రిశూర్‌లో పుట్టి, పుదుచ్చేరి జిప్‌మర్‌లో చదువుకుని, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్‌లో యూరాలజీ (మూత్ర సంబంధ వైద్యం) నేర్చిన మీనన్, 1997లో డెట్రాయిట్ హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి వెళ్లేనాటికే పొట్ట కోసి చేసే సర్జరీలో చెయ్యి తిరిగినవారు. చిన్న కంతల్లోంచి చేసే కీహోల్ ఆపరేషన్ మాత్రం అలవాటు లేదు. యాభై దాటాక, డిపార్ట్‌మెంట్‌కు హెడ్‌గా ఉంటూ, పారిస్ నుంచి ఇద్దరు సర్జన్లను పిలిపించుకుని వాళ్ల దగ్గర మళ్లీ ఓనమాలు దిద్దారు. (మన హెచ్ఓడీలలో ఎంతమంది దిద్దుతారో మమ్మల్ని అడగొద్దు.) కీహోల్ పరికరాలు పొడుగాటి పుల్లల్లా ఉంటాయి, కొన దగ్గర మణికట్టులా తిరగవు, రోబో చేతులు తిరుగుతాయి, లోపలి లోతూ కళ్లకు కడుతుంది. అందుకే అటు మళ్లారు.

రోబోతో తొలి ప్రోస్టేట్ ఆపరేషన్ ఆయనది కాదు, 2000లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగింది. దాన్ని రోజువారీ పనిగా మార్చి, ఎంత రక్తం పోయింది, మూత్రం మీద అదుపు ఎప్పటికి వచ్చింది అని లెక్కగట్టి అచ్చువేసింది మీనన్ బృందం. అందుకు దన్ను మన తెలుగువాళ్లే: 2001లో అక్కడి ఐటీ వ్యాపారి రాజ్ వట్టికూటి దంపతులు ఇచ్చిన 2 కోట్ల డాలర్లతో అక్కడి యూరాలజీ కేంద్రానికి వట్టికూటి పేరే నిలిచింది.

2013లో గుర్‌గావ్ మెదాంత ఆసుపత్రితో కలిసి రోబోతో కిడ్నీ మార్పిడికి పద్ధతి తయారుచేసేటప్పుడు ఒక చిక్కొచ్చింది. లోపల పెట్టిన కిడ్నీ, రక్తనాళాలు కుట్టేలోగా ఒంటి వేడికి పాడైపోవచ్చు. ఏం చేశారంటే, మెత్తటి మంచును సిరంజిల్లో నింపి కిడ్నీ చుట్టూ పోశారు. అంతే! ఇంత ఖరీదైన మిషన్‌కు గోలీసోడా బండివాడికి తట్టే ఉపాయం తోడైంది.

మిషన్ ఒక్కటే సరిపోదు. 2016లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ సర్జన్లు, ప్రోస్టేట్‌కు రోబో ఆపరేషన్‌నూ పొట్ట కోసి చేసేదాన్నీ పోల్చి లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చువేసిన లెక్క చెప్పేదీ ఇదే. రోబోతో రక్తం తక్కువ పోయింది, డిశ్చార్జి త్వరగా అయింది. కానీ పన్నెండు వారాలకు మూత్రం మీద అదుపులో, దాంపత్య జీవితంలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. రోగికి టెన్షనంతా ఆ రెంటి మీదే కదా. కాబట్టి ఆసుపత్రులను మేం అడిగేది ఒక్కటే: ఈ డాక్టర్‌గారు ఇప్పటిదాకా ఇలాంటివి ఎన్ని చేశారు, ఆ రోగుల్లో ఎంతమంది ఏడాదికి, మూత్రం కారితే పీల్చుకునే ప్యాడ్ లేకుండా తిరుగుతున్నారు, ఈ రెండు అంకెలూ అడ్వాన్స్ కట్టించుకోకముందే రోగి చేతికి రాసివ్వండి.