మెగాట్రెండ్: ఒక మహాపదం పుట్టుపూర్వోత్తరాలు

చిన్న జోస్యం చెప్పినవాడికే చిక్కులెక్కువ. రేపు వాన పడుతుందని చెప్పి తప్పితే ఎల్లుండి నిలదీస్తారు. 2050 నాటికి మానవజీవితం సమూలంగా మారుతుందని చెప్పినవాణ్ణి నిలదీయడానికి అప్పటికి ఎవరు మిగులుతారో తెలియదు. ఈ రెండో తరహా జోస్యులకు దొరికిన వరం 'మెగాట్రెండ్', అంటే మహాధోరణి అనే మాట.

ఈ మాటను లోకానికి అలవాటు చేసినవాడు అమెరికా రచయిత జాన్ నైస్బిట్. 1982లో వెలువడిన 'మెగాట్రెండ్స్' గ్రంథంలో ఆయన సరిగ్గా పది మహాధోరణులను ప్రకటించాడు. స్థానిక పత్రికలు తెప్పించి, ఏ విషయానికి ఎంత చోటు దక్కిందో కొలిపించడం ఆయన పద్ధతి. పత్రికలో చోటు పరిమితం కాబట్టి కొత్త గొడవ లోపలికి రావాలంటే పాతదొకటి బయటికి పోక తప్పదన్నది దాని వెనుక తర్కం. ఆయన వారసులు కొలత శ్రమను వదిలేసి మాటను మాత్రం భద్రంగా ఉంచుకున్నారు.

ఇక వ్యుత్పత్తి. గ్రీకులో 'మెగాస్' అంటే పెద్దది. శాస్త్రజ్ఞుల కొలమానంలో మాత్రం 'మెగా' అంటే పది లక్షలు, కనుక నైస్బిట్ చూపిన పదీ కలిపి అక్షరాలా కోటి ట్రెండ్లు. 'ట్రెండ్' కథ మరీ రుచికరం. పాత ఇంగ్లీషులో దాని మూలానికి అర్థం తిరగడం, దొర్లడం; ఆ తర్వాత నదులూ సముద్రతీరాలూ ఏ దిక్కుకు సాగాయో చెప్పడానికి వాడారు; జనాభిప్రాయాల మొగ్గును సూచించే అర్థం చాలాకాలానికి గాని రాలేదు. అంటే, తిరగడానికి పుట్టిన మాటను మనం ఎన్నటికీ తిరగని సరళరేఖకు పేరుగా పెట్టుకున్నాం.

ఆ సరళరేఖను వ్యాపార సలహాదారులు అమ్మే ఏ నివేదికలోనైనా చూడవచ్చు. ఎడమవైపు అడుగు నుంచి కుడివైపు పైకి లేచే లావుపాటి బాణం, కింద 2030, 2040, 2050, నిలువుగీత మీద మాత్రం ఒక్క అంకె కూడా ఉండదు. పక్కనే వృద్ధుల సంఖ్య పెరుగుదల, పట్టణీకరణ, వాతావరణ మార్పు, సాంకేతిక ప్రగతి అని రాసి ఉంటుంది. ఇవి అబద్ధాలని ఎవరూ అనలేరు. దినపత్రిక చదివే వారందరికీ ముందే తెలిసిన నిజాలు కావడమే వాటి ఖరీదుకు కారణం.

'మెగా' అరిగిపోతే ఏమిటని సలహాదారులు బెంగపడనక్కర లేదు. రాక్షసకాయుణ్ణి సూచించే గ్రీకు మాట నుంచి పుట్టిన 'గిగా', వికృతజీవిని సూచించే మాట నుంచి పుట్టిన 'టెరా' సిద్ధంగా ఉన్నాయి. అవీ చాలకపోతే, అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ 2022లో 'క్వెట్టా'ను కూడా ఆమోదించింది: ఒకటి పక్కన 30 సున్నాలు.