కమాను పట్టు రికార్డుల్లో దొరకదు

అమెరికాలో లూసియానా రాష్ట్రపు నైరుతి ప్రాంతమంతా వరి పొలాలు. అక్కడ ఫ్రెంచి మాట్లాడే నల్లజాతి క్రియోల్ కుటుంబాల్లో ఒకప్పుడు వారాంతం వస్తే ఎవరో ఒకరి ఇంట్లో నాట్యాలు జరిగేవి. వాటికి ప్రాణం ఫిడేలు, అకార్డియన్. ఆ ఫిడేలును ఈనాటి యువకులు మళ్లీ పట్టుకుంటున్నారు. బయటివాళ్లు మాత్రం దాన్ని అదే ప్రాంతంలో ఫ్రెంచి మాట్లాడే తెల్లవారి కేజన్ సంగీతంలో కలిపేసి మాట్లాడుతుంటారు. ఇది అన్యాయం.

ఈ బాణీకి పెద్దదిక్కు కాన్రే ఫాంటెనో (1922–1995). చిన్నతనంలో చుట్టల పెట్టెతో ఫిడేలు చేసుకుని, తలుపుకు కొట్టిన దోమల జాలీలోంచి తీగలు లాగి బిగించుకున్నారు. 1966లో అకార్డియన్ వాయించే బోయిసెక్ ఆర్డోయిన్‌తో కలిసి న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో వాయించారు. 1986లో ఇద్దరికీ జాతీయ వారసత్వ ఫెలోషిప్ వచ్చింది. అప్పటికే ఈ క్రియోల్ నాట్య సంగీతం నుంచి పుట్టిన జైడెకో బృందాల్లో ఫిడేలుకు చోటు పోయింది. జైడెకో దిగ్గజం క్లిఫ్టన్ షెనియే బాటలో ఎలక్ట్రిక్ గిటారు, శాక్సోఫోన్ వచ్చి చేరాయి. ఆ హోరులో ఫిడేలు వినిపించేదెలా? పైగా 1921 నాటి లూసియానా రాష్ట్ర రాజ్యాంగం బడుల్లో ఇంగ్లీషునే బోధనాభాష చేసింది. ఫ్రెంచి మాట్లాడిన పిల్లలను శిక్షించారు. పాటతోపాటు మాటా తరిగిపోయింది.

ఈ ఫిడేలు విద్య అంతా కమాను, అంటే తీగల మీద లాగే కర్ర, పట్టిన చేతిలో ఉంది. రెండు తీగలు ఒకేసారి పలుకుతాయి. ఒకటి శ్రుతిలా నిలిస్తే, రెండోది బ్లూస్ ఛాయలో జారుతుంది. కమాను విసురు నాట్యం చేసేవారి అడుగులను నడిపిస్తుంది. ఆ విసురు, ఆ ఒత్తిడి రికార్డు విని పూర్తిగా పట్టుబడవు. పక్కన కూర్చుని చూడాలి. కాన్రే దగ్గర నేర్చుకున్న ఎడ్ పౌలార్డ్ లాంటివారు ఆ విద్యను తర్వాతివారికి అందించబట్టే గొలుసు తెగలేదు.

టెక్సాస్‌లో 1983లో పుట్టిన సెడ్రిక్ వాట్సన్ లూసియానాకు తరలివచ్చి ఈ ఫిడేలునే జీవనం చేసుకున్నారు. పాత వాల్ట్‌జు నాట్య బాణీలు వాయిస్తూనే ఫ్రెంచిలో, క్రియోల్ భాషలో సొంత పాటలూ కట్టారు. సంప్రదాయం చెడుతుందని గొణిగేవారితో నేను ఏకీభవించను. కొత్త పాట పుట్టని భాషలో పాత పాట ఎంతకాలం నిలుస్తుంది?

సంగీత బహుమతులిచ్చే గ్రామీ సంస్థ 2007లో ప్రకటించిన జైడెకో–కేజన్ విభాగాన్ని 2011లో ఎత్తేసింది. ఇప్పుడు ఈ సంగీతం పోల్కాతో, హవాయి సంగీతంతో ఒకే పద్దు కింద పోటీపడాలి. బహుమతులకన్నా ముందు కావలసింది పెద్దల దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకునే యువకులకు భృతి, వాయించడానికి నాట్యశాలలు.