కంట్లో కె.సి. కెనాల్

మా కర్నూలోళ్లకు కాలువల గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 1860ల్లో తవ్విన కె.సి. (కర్నూలు-కడప) కెనాల్‌కు సుంకేసుల దగ్గర నీళ్లు వదిలితే కడప జిల్లా చివరి పొలానికి ఎప్పుడొస్తాయో, అసలు వస్తాయో రావో, టీకొట్టు బల్ల మీద కూర్చున్న ప్రతివాడూ క్యూసెక్కుల్లో చెప్తాడు. నేనూ చెప్తాను. పన్నెండేళ్లుగా షుగర్ ఉన్న నా కంట్లోనే ఒక నీటిపారుదల శాఖ నడుస్తోందని మాత్రం మొన్నటిదాకా తెలీదు.

కంటి వెనక గోడకు రెటీనా అని పలుచటి పొర ఉంటుంది. వెంట్రుకకన్నా సన్నటి రక్తనాళాలే దాని పిల్లకాలువలు. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువుంటే వాటి గట్లు బలం తప్పి, బుడిపెలు కట్టి, ఊట మొదలవుతుంది. ఆ ఊట నడిమధ్యకు చేరితే అక్కడ వాచి చూపు మసకబారుతుంది. అంతదాకా ఒక్క ఫిర్యాదూ నమోదు కాదు. నొప్పి లేదు, ఎరుపు లేదు. బోర్డు మీద అక్షరాలు చివరి వరస దాకా గడగడా చదివేసి, నా కళ్లకేం రోగమని అందరితో వాదించాను.

తర్వాత కొన్ని కాలువలు పూడిపోతాయి. చివరి ఆయకట్టు ఎండిపోయి రెటీనా అర్జీ పెట్టుకుంటుంది. కొత్త నాళాలు మొలిపించమని రెటీనా వదిలే ఆ ప్రొటీన్ అర్జీని డాక్టర్లు వి.ఇ.జి.ఎఫ్. అంటారు. వెంటనే కొత్త కాలువలు మంజూరు! అర్జీకి ఇంత త్వరగా పని జరిగే చోటు రాయలసీమలో ఇదొక్కటే. పనితనం మాత్రం మామూలే. ఆ నాసిరకం నాళాలు తెగి కంటిలోని జెల్లీలోకి రక్తం కారితే, పొద్దున లేచేసరికి కళ్ల ముందు నల్లటి బూజు వేలాడుతుంది. మచ్చలు కట్టి బిగుసుకుంటే రెటీనానే గోడ నుంచి ఊడదీస్తాయి.

షుగర్ బయటపడ్డప్పుడే ఒకసారి, ఆపైన ఏటా, చుక్కలు వేసి కళ్లు చూస్తారు. చుక్కలేస్తే నాలుగైదు గంటలు మసక, బండి నడపలేం, పైగా మా ఊరి ఎండ. ఆ నాలుగైదు గంటలు పొదుపు చేసుకుంటూ పదకొండేళ్లు గడిపాను. రక్తపరీక్షకు ముందు రెండ్రోజులు ఓళిగలు మాని జొన్నరొట్టె తినడం కూడా చేశాను, మంత్రి వస్తున్నాడని రోడ్డు పక్కన సున్నం కొట్టినట్టు. హెచ్‌బీఏ1సీ అనే ఆ పాడు పరీక్ష మూడు నెలల రికార్డు మొత్తం తవ్వి తీసింది. ఏడు దగ్గరుండాల్సింది పది దాటింది. బీపీ గురించి అడక్కండి.

డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. కంట్లోకి సూదిమందు వేస్తారట. అర్జీని దారిలోనే పట్టుకుని చింపేయడం దాని పని. మొదట్లో నెలనెలా వేయాలి. రక్తం నిండిపోయినవాళ్లకు ఆపరేషన్ చేసి ఆ జెల్లీని తీసేస్తారు. నాకు మాత్రం ముందు లేజరు అన్నాడు.

“లేజరంటే ఏం చేస్తారు సార్?”

“ఎండిపోయిన అంచులను కాల్చేస్తాం. వాటికి రక్తం అవసరం తగ్గితే నడిమధ్య చూపు నిలబడుతుంది. రాత్రి చూపు, పక్కచూపు కొంచెం తగ్గొచ్చు.”

ఈ వయసులో పక్కచూపులు తగ్గితే మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం ఉండదు. నా బాధ వేరే. చివరి భూములకు క్రాప్ హాలిడే ఇచ్చి నడిమధ్యన డెల్టాను కాపాడటమన్నమాట.

“సార్, మీది ఏ ఊరు?” అని అడిగాను.

“తెనాలి” అన్నాడు.

కాగితం మీద సంతకం పెట్టాను.