పాట తెలిస్తేనే పేలే జోకు

వార్నర్ బ్రదర్స్ కార్టూన్లలో అన్ని పాటలు ఎందుకుంటాయో తెలియాలంటే ముందు లెక్కల పుస్తకం తిరగేయాలి. 1929లో ఆ కంపెనీ పెద్ద పెద్ద సంగీత ప్రచురణ సంస్థల్ని కొనేసింది. వేలకొద్దీ పాటల హక్కులు చేతికొచ్చాయి. వాటిని జనం నోళ్లలో నానేలా చేయాలి కదా! అందుకే 'మెర్రీ మెలొడీస్' కార్టూన్లలో సొంత పాట ఒకటి ఉండి తీరాలని మొదట్లో షరతు పెట్టారు.

1936లో సంగీత దర్శకుడిగా కార్ల్ స్టాలింగ్ చేరాక ఈ వ్యాపారం కాస్తా కొంటెతనమైంది. మూకీల రోజుల్లో కాన్సాస్ సిటీ థియేటర్‌లో తెర చూస్తూ ఆర్గాన్ వాయించిన అనుభవం ఆయనది. ఎర్ర గౌను కనిపిస్తే చాలు, 'ది లేడీ ఇన్ రెడ్' ట్యూన్ అందుకునేవాడు. తిండి సీన్ వస్తే కాఫీ, శాండ్‌విచ్ ప్రస్తావన ఉన్న పాట. పాడేవాళ్లెవరూ ఉండరు, వాద్యాలే. పల్లవి గుర్తున్న అమెరికన్ ప్రేక్షకుడు మాత్రమే నవ్వుకుంటాడు.

పోటీ స్టూడియో ఎంజీఎంలో సంగీతం కట్టిన స్కాట్ బ్రాడ్లీ దారి వేరు. 'టామ్ అండ్ జెర్రీ'లోనూ పాటలున్నాయి గానీ, ఆయన బలం కదలికను బట్టి కొత్తగా సంగీతం కట్టడం. 1944లో వచ్చిన ఒక కార్టూన్‌లోనైతే ఏ స్వరానికీ పెద్దపీట వేయకుండా పన్నెండింటినీ వరసపెట్టి వాడే స్వరకర్త షోన్‌బర్గ్ పద్ధతినే దించేశాడు, అదీ కుక్కలూ పిల్లీ గోలలో! 'ది క్యాట్ కన్సర్టో' చూడండి. సూటేసుకున్న టామ్ పియానో మీద ఫ్రాంజ్ లిస్ట్ అనే స్వరకర్త రాసిన 'రాప్సొడీ' మొదలుపెడతాడు. లోపల సుత్తుల మీద నిద్రపోతున్న జెర్రీ స్వరానికో ఎగురు ఎగురుతుంది. టామ్ వేళ్లు నిజంగానే ఆ మెట్ల మీద పడుతున్నట్టు ఉంటుంది. అదే రాప్సొడీని వార్నర్ వాళ్లూ తమ కుందేలు బగ్స్ బన్నీ చేత వాయింపించారు. మా ఐడియా కొట్టేశారంటే మా ఐడియా కొట్టేశారని రెండు స్టూడియోలూ కొట్టుకున్నాయి. ఆస్కార్ మాత్రం టామ్‌కి దక్కింది.

తెలుగు ఇళ్లలో టామ్ అండ్ జెర్రీ అంతగా నాటుకుపోవడానికి మాటలు తక్కువ కావడమే కారణమంటారు. బ్రాడ్లీ సంగీతానికీ అందులో వాటా ఉంది. అది అర్థం కావడానికి అమెరికా పాటలేవీ తెలిసుండక్కర్లేదు. స్టాలింగ్ జోకులు సగానికి సగం మన చెవుల పక్కనుంచి వెళ్లిపోయాయి.

అయినా నా ఓటు స్టాలింగ్‌కే. 1990లో ఆయన సంగీతాన్ని బొమ్మ లేకుండా ఆల్బమ్‌గా తెచ్చారు. విని చూడండి. కొన్ని సెకన్ల జాజ్, అంతలో ఒక జోలపాట, మీద ఒక దరువు. ఏ పాట ఎక్కడిదో తెలియకపోయినా మజాయే, తర్వాత ఏం వస్తుందో ఊహించలేం.